మస్కూరి సాయిలు గడప

పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస పొద్దున యాకమ్మ కోడలిని పొయ్యి దగ్గరికి రానియ్యలేదు. ఇంట్లో గ్యాసు ఉన్నా, పెరట్లో మూడు రాళ్లు పెట్టి, కట్టెలు రాజేసి, జొన్నగటుక తానే వండింది. మధ్యలో ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడింది, తగ్గాక మళ్లీ కూర్చుంది. ఎండుచేపలు నిప్పుల మీద కాల్చింది. చింతపండు పిసికి పచ్చిపులుసు కలిపింది. అన్నీ స్టీలు డబ్బాలో సర్ది, ఒక చుట్టను కొంగున ముడి వేసుకుంది. అవన్నీ వాళ్ల నాయిన సాయిలుకు ఇష్టమైనవి. ఆయన పోయి డెబ్బై ఏళ్లు దాటింది. ఆయన మొహం యాకమ్మకు గుర్తు లేదు. ఏది ఇష్టంగా తినేవాడో మాత్రం తల్లి వీరమ్మ చెప్పగా చెప్పగా మనసులో పడిపోయింది.

ఈ దిక్కున మనిషి చచ్చిపోతే పిట్టకు పెడతారు. పూడ్చిన బొంద మీద విస్తరి వేసి, ఆ మనిషి బతికున్నప్పుడు ఇష్టపడి తిన్నవన్నీ వడ్డించి, దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అనుకుంటారు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ పిల్లలను మేం చూసుకుంటాం, నీ పొలం పడావు పడనియ్యం అని పైకి చెప్పి మాటిస్తారు. ఏ మాటకు కాకి దిగితే అదే ఆ మనిషి మనసులో ఉన్నదన్నట్టు. ఆ మాట ఇచ్చినవాళ్లు ఇక తప్పడానికి లేదు.

సాయిలు విస్తరిని ఇంతవరకు ఏ కాకీ ముట్టలేదు.

వరంగల్ దవాఖానలో డాక్టరు, గుండె సగమే పని చేస్తున్నదని, దూర ప్రయాణాలు వద్దని కొడుకు వీరస్వామితో చెప్పాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీగా చేసే వీరస్వామి ఆ మాట తల్లికి సగమే చెప్పాడు. మిగతా సగం ఆమె తనే తెలుసుకుంది. ఈ ఏడు మొగిలిగడ్డకు పోవాల్సిందేనని పట్టు పట్టింది.

"నేను పొయ్యేలోపల ఒక్కపారన్న ముట్టాలె బిడ్డా. గది సూడకుంట నాకు పానం పోదు" అన్నది కోడలు సౌందర్యతో.

వీరస్వామికి ఆ రోజు డ్యూటీ. సౌందర్యే వెంట బయలుదేరింది.

మొగిలిగడ్డ జనగామ దిక్కు ఊరు. ఆ ఊళ్లో నిజాం కాలపు రాతి కచేరి ఒకటి ఉంది. శిస్తులు అక్కడే వసూలు చేసేవాళ్లు, తగాదాలు అక్కడే తీర్చేవాళ్లు, కట్టలేనివాళ్లను అక్కడే చీకటికొట్టులో పడేసేవాళ్లు. సాయిలు ఆ కచేరిలో మస్కూరి. అంటే పిలిస్తే పలికే వెట్టి నౌకరు. వాకిలి ఊడ్వాలి, గుర్రానికి గడ్డి వేయాలి, రాత్రిళ్లు కావలి పడుకోవాలి. దానికి జీతం లేదు, కాదనే నోరూ లేదు. ఊరి దొర, పోలీసు పటేలు ఇంటి నుంచి మిగిలింది వస్తే తినాలి. కచేరి సర్కారుదా, పోలీసు పటేలుదా, చివరి రోజుల్లో అక్కడ మకాం వేసిన రజాకార్లదా అని అతన్ని అడిగినవాళ్లు లేరు. ఎవరిదైనా ఊడ్చే చేయి మాత్రం సాయిలుదే.

నిజాం రాజ్యం పడిపోయే రోజుల్లో, యూనియన్ సైన్యం వస్తున్నదని తెలిసి రజాకార్లు పారిపోయే గందరగోళంలో కచేరి తగలబడింది. పోయేవాళ్లు పెట్టిపోయిన నిప్పని కొందరు అన్నారు, బయటినుంచి విసిరిన కాగడా అని కొందరు. చీకటికొట్టులో నిజాంకు ఎదురుతిరిగిన సంఘం పిల్లలున్నారు, బయట తాళం ఉంది. టేకు దూలాలు విరిగి కప్పు కూలింది. లోపలున్నవాళ్లలో ఒక్కరూ మిగలలేదు. సాయిలు కూడా ఇంటికి రాలేదు.

తెల్లవారి వీరమ్మ చంకలో పిల్లతో బూడిదలో వెతికింది. చీకటికొట్టు గడప దగ్గర, కాలిన ఎముకల మధ్య, సాయిలు చేతి వెండికడెం దొరికింది. పక్కన గడ్డపార పడి ఉంది. తాళంచెవి కచేరి పోలీసు అధికారి అమీను మొలకు ఉండేది. తాళం పగలగొట్టడానికి పోయి మొగుడు అక్కడే కాలిపోయాడని వీరమ్మకు అర్థమైంది. ఆమె ఆ మాట అందరికీ చెప్పింది. కానీ సైన్యం వచ్చి, కొట్టుకు తాళం వేసిందెవరని నిలదీసినప్పుడు జవాబు చెప్పింది వీరమ్మ కాదు, పోలీసు పటేలు. మస్కూరిగాడు తాళం వేసి రజాకార్లతో పారిపోయిండన్నాడు పటేలు. పటేలు చెప్పినదే ఊరి మాటయింది. పిల్లలను పోగొట్టుకున్న ఇళ్లవాళ్లు వీరమ్మ గుడిసె మీద మన్ను పోశారు. ఆమె బావి దగ్గరికి పోతే చేద లాగేసుకున్నారు.

ఏడ్వడానికి బొంద లేదు. అందుకని వీరమ్మ ఆ గడపనే బొంద అనుకుంది. ఏటా పెత్రమాసకు కూలిన గోడల మధ్యకు పోయి, గడప రాయికి పసుపు పూసి, బొట్టు పెట్టి, గటుక వడ్డించేది. రాయికి ఒక కొసన తలుపు తిరిగే గుంత ఉంది. అందులో కల్లు పోసేది. "నీ బిడ్డను సాదుకుంట" అని చెప్పేది. కాకి రాలేదు. "నీ బిడ్డ పెండ్లి చేస్త" అన్నది. రాలేదు. పెళ్లయింది, మనవడు పుట్టాడు, ఒక్కొక్క మాటా అప్పజెప్తూనే పోయింది. కుక్కలు తిన్నాయి, చీమలు తిన్నాయి.

యాకమ్మను మానుకోటకు ఇచ్చారు. అక్కడ మిర్చి యార్డులో తొడిమలు తీస్తూ, బస్తాలు కుడుతూ ఆమె బతుకు గడిచింది. చేతుల మంట తగ్గక, రాత్రి పిల్లవాడిని ముట్టుకోవాలంటే మోచేతితో ముట్టుకునేది. తల్లి పోయాక గడపకు పెట్టే పని ఆమెకు వచ్చింది. మొగుడు పోయి, కొడుకు దగ్గరికి భూపాలపల్లి చేరాక కూడా పరకాల, హన్మకొండ, జనగామ బస్సులు మారి ఏటా పోయేది. మొగిలిగడ్డలో ఎవరితోనూ మాట్లాడేది కాదు. వడ్డించేది, చూసేది, వచ్చేది. ఎవరైనా ఏమి చేస్తున్నావంటే మొక్కు అని చెప్పి తప్పుకునేది. సాయిలు పేరు ఆ ఊళ్లో పలికే ధైర్యం తల్లికి చచ్చిపోయినట్టే ఆమెకూ చచ్చిపోయింది.

తర్వాత కచేరి చుట్టూ రేకులు పాతారు. చారిత్రక కట్టడం బాగు చేస్తున్నాం, రావద్దన్నారు. బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి సున్నం రుబ్బి, పాత రాళ్లతోనే గోడలు లేపుతున్నారని ఊరంతా గొప్పగా చెప్పుకున్నది. ఆ కమిటీకి పెద్ద జగపతిరావు, ఆనాటి పోలీసు పటేలు మనవడు. రేకులు తీసి జనాన్ని లోపలికి రానివ్వడం ఈ ఎండాకాలంలోనే మొదలైంది. యాకమ్మ చూడటం ఇదే మొదలు.

ఆటో దిగి ఆమె తలెత్తి చూసింది. కమాను, మేడమెట్లు, గూనపెంకుల కప్పు అన్నీ లేచి నిలబడ్డాయి. తన పుట్టుకలో ఎన్నడూ చూడని ఇల్లు అది. చూసింది మొండిగోడలనే. గేటు దగ్గర టికెట్టు చింపుతున్న కాపలాదారు అమర్‌సింగ్, మరిపెడ దిక్కు తండా మనిషి, డబ్బా చూసి ఆపాడు.

"అవ్వా, డబ్బల ఏమున్నది? బయటి తిండి లోపలికి వద్దని సారు చెప్పిండు."

"నా మందులు బిడ్డా."

"మందులు ఎండుచాపల వాసనొస్తయా?"

"ముసలిదాని మందులు గట్లనే ఉంటయి."

అమర్‌సింగ్‌కు నవ్వాగలేదు. "లోపల మాత్రం తినకు మల్ల. నా నౌకరి మీదికొస్తది" అని వదిలేశాడు.

యాకమ్మ ఎవరినీ దారి అడగలేదు. కమాను దాటి, ఎడమకు తిరిగి, నేరుగా చీకటికొట్టుకు నడిచింది. ఇప్పుడది చీకటిగా లేదు. పైన దీపాలు, కింద నున్నటి బండలు, కిటికీకి అద్దం. ఆమె వెతుక్కుంటూ వచ్చిన గడప లేదు. గడప ఉండాల్సిన చోట నల్లటి కొత్త రాయి మెరుస్తున్నది. దాని పక్కన నిలువెత్తు బొమ్మ. తలకు రుమాలు, మోకాళ్ల పైకి గోచి, చేతిలో నిజమైన పాత ఇనుప తాళం. బొమ్మ మొహానికి పళ్లు ఇకిలించి నవ్వుతున్న నోరు పెట్టారు. ఒక చెంప రంగు లేచిపోయింది.

కింద పలక మీద రాసి ఉంది. చదువు రాని యాకమ్మ, ఏం రాసిండ్రని అడిగింది. సౌందర్య మనసులోనే చదువుకుని, "కచేరి నౌకరు అని రాసిండ్రత్తా" అన్నది. అంతలోనే కాలేజీ పిల్లలు గుంపుగా వచ్చారు. వాళ్లలో ఒకడు పలకను గట్టిగా చదివాడు. తాళం వేసి పారిపోయిన ద్రోహి నౌకరు. ఇంకొకడు ఫోను పట్టుకుంటే, చదివినవాడు బొమ్మ చెంప మీద కొట్టాడు. అందరూ నవ్వారు. వంతులు వేసుకుని మరీ కొట్టారు. చెంప రంగు ఎలా లేచిపోయిందో అప్పుడు తెలిసింది.

పటేలు అన్న ఒక్క మాటకు రాయి, సున్నం, దీపాలు పెట్టి గుడి కట్టారు. వీరమ్మ అన్న మాటను అడిగినవాళ్లు కూడా లేరు. వెట్టివాళ్ల బతుకు ఇప్పటికీ దొరల నోటితోనే చరిత్రకెక్కుతున్నది.

యాకమ్మ, పిల్లలు పోయేదాకా గోడవైపు తిరిగి నిలబడింది. ఆ తర్వాత, "గడప ఏడ పెట్టిండ్రో సూద్దాం పా" అన్నది.

గడప పెరట్లో దొరికింది. కొత్త రేకుల పందిరి, కింద సిమెంటు గద్దె. గద్దె మీద నిలబెట్టిన రాయికి పసుపు పూత, ఎర్రటి గుడ్డ, వేపమండలు, అతికించిన వెండి కళ్లు. ముందు ఒక హుండీ. రాయి ఒక కొసన గుంత ఉంది. అందులో ఊదుబత్తులు గుచ్చారు. ఆ గుంతను చూసి యాకమ్మ గుర్తుపట్టింది. గద్దె అంచున కూర్చుంది.

పందిరి కింద పూలు పేర్చుకుంటున్న ఆడవాళ్లు మైసమ్మ కథ ఉత్సాహంగా చెప్పారు. ఆ సాయంత్రం కచేరి ముంగిట్లోనే ఎంగిలిపూల బతుకమ్మ ఆడబోతున్నారు. కూలీలు మొండిగోడల నడుమ మన్ను తీస్తుంటే ఈ రాయి బయటపడిందట. పసుపు పొరలు పొరలుగా ఉందట. అమ్మవారిని కదిలించామని కూలీలు భయపడి పని ఆపేశారట. జగపతిరావు గద్దె కట్టించాడట. బోనాలప్పుడు ఒక ఆమెకు పూనకం వచ్చి, ఏడు తరాలుగా ఇక్కడే ఉన్నానని చెప్పిందట. ఇప్పుడు కచేరి మైసమ్మకు మొక్కితే తాళం పడ్డ బతుకులు తెరుచుకుంటాయని చుట్టూ ఊళ్ల నుంచి వస్తున్నారట.

తల్లి పూసిన పసుపే అది. ఆ పొరల్లో పైవి తన చేతివి. అంతా విని యాకమ్మ డబ్బా మూత తీసింది. విస్తరాకు పరిచి గటుక వడ్డించింది.

అప్పుడే జగపతిరావు భార్య ప్రమీల పెరుగన్నం పళ్లెంతో వచ్చింది. వెనుక జగపతిరావు, పట్నం నుంచి వచ్చిన చుట్టాలు. ఎండుచేపల వాసనకు ప్రమీల ముక్కు మూసుకుంది.

"ఏందవ్వా గది?"

"మా నాయినకు దొరసాని. పెత్రమాస గద."

"పెద్దలకు పెట్టేటిది అమ్మవారి ముందట పెడతవా? పీనుగుల కూడు. తియ్యి, మైల అయితది."

"ఇది మైసమ్మ గాదు దొరసాని. చీకటికొట్టు గడప. మా నాయిన గీడనే కాలిండు. పసుపు పూసింది మా అవ్వ. గా గుంతల కల్లు పోసింది నేను."

పూలు పేర్చే చేతులు ఆగిపోయాయి. జగపతిరావు కోపపడలేదు. మర్యాదగానే, మీ నాయిన ఎవరని అడిగాడు. జన్మలో మొదటిసారి యాకమ్మ ఆ ఊళ్లో ఆ పేరు పలికింది.

"మస్కూరి సాయిలు."

జగపతిరావు ఒకసారి చీకటికొట్టు వైపు, ఒకసారి చుట్టాల వైపు చూశాడు. "లోపల బొమ్మ సూసినవు గద అవ్వా. గా మనిషి గడపకు ఊరంత దండం పెడుతున్నదంటవా? బయట అనకు, నవ్వుతరు."

చుట్టాలు అప్పుడే నవ్వారు. ముసలామెకు ఎండ తగిలినట్టుంది, నీళ్లు ఇవ్వండి, నీడలో కుర్చీ వేయండి అని జగపతిరావు పురమాయించాడు. ఎవరో విస్తరాకును కాలితో పందిరి బయటికి జరిపారు. సౌందర్య వంగి, చెదిరిన గటుకను మళ్లీ డబ్బాలోకి ఎత్తుకుంది. ప్రమీల గద్దె కడిగించి, పెరుగన్నం రాయి ముందు పెట్టి, హారతి ఇచ్చింది. దొర తాత ఏ మనిషి మీద నింద వేశాడో ఆ మనిషి గడపకే దొర వంగి నుదురు ఆనించాడు.

వాళ్లు లేచి నాలుగడుగులు వేశారో లేదో, పెంకుల మీది నుంచి ఒక కాకి దిగింది. గద్దె మీద అటూ ఇటూ గెంతి, పెరుగన్నంలో ముక్కు పెట్టింది. ఇంకోటి దిగింది.

సౌందర్య అత్త భుజం పట్టి ఊపింది. "అత్తా, ముట్టింది. తాత ముట్టిండత్తా."

యాకమ్మ కాకుల వైపు చూస్తూనే ఉంది. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు.

"గది దొరసాని బువ్వ బిడ్డా. బతికినన్నొద్దులు మా నాయిన గా ఇంటి ఎంగిలే తిన్నడు. సచ్చినంక గూడ గదే తినుమంటున్నరు."

కుర్చీలోంచి లేచింది. మళ్లీ చీకటికొట్టుకు పోయింది. అక్కడ ఎవరూ లేరు. నల్లరాయి గడప మీద, బొమ్మ కాళ్ల ముందు, మిగిలిన గటుక, పులుసు పెట్టింది. కిటికీకి అద్దం ఉంది, ఏ కాకీ రాదని ఆమెకు తెలుసు. కొంగు తడిపి బొమ్మ చెంప తుడిచింది. తర్వాత బొమ్మ చేతిలోని తాళాన్ని పట్టుకుని లాగింది. రాలేదు. సౌందర్య భయంగా వాకిలి వైపు చూసి, తనూ చేయి వేసింది. వేళ్లకు చుట్టిన తీగ తెగి తాళం ఊడొచ్చింది. ఖాళీ అయిన చేతిలో యాకమ్మ చుట్ట పెట్టింది.

గేటు దగ్గర అమర్‌సింగ్ పలకరించాడు. "మందులు ఒడిసినయా అవ్వా?"

"ఒడిసినయి బిడ్డా."

ఖాళీ డబ్బా ఆమె భుజాన్ని ఒకపక్కకు లాగుతున్నది. అతను డబ్బాను చూశాడు, చీకటికొట్టు వైపు చూశాడు, ఆమె మొహం చూశాడు. ఏమీ అడగకుండా గేటు తీశాడు.

కార్తీకంలో వీరస్వామి తల్లిని కాళేశ్వరం తీసుకుపోయాడు. గోదావరిలో దిగి ఆమె కొంగులోని మూటను నీళ్లలోకి జారవిడిచింది. అదేమిటని పక్కనున్న అయ్యగారు అడిగితే, ఇనుమే అయ్యా అన్నది. ఆ రోజు వచ్చిన దగ్గు మళ్లీ తగ్గలేదు. పుష్యమాసంలో, భూపాలపల్లిలో, బొగ్గుదుమ్ము పట్టిన కొడుకు రేకుల ఇంట్లోనే యాకమ్మ పోయింది.

పిట్టకు పెట్టిన నాడు బొంద మీద విస్తరి వేసి అందరూ దూరం జరిగారు. మక్కగారెలు, కోడికూర, ఆమె ఇష్టంగా తాగే చాయ కూడా పెట్టారు. కాకి ఒకటి తుమ్మకొమ్మ మీద వాలింది, దిగలేదు. వీరస్వామి ముందుకొచ్చి, నీ మనవరాలిని చదివిస్తనే అవ్వా అన్నాడు. దిగలేదు. మానుకోట నుంచి వచ్చిన చుట్టాలు తలా ఒక మాట ఇచ్చారు. ఎండ ఎక్కింది. కుక్కలను తోలలేక మగవాళ్లు విసుక్కుంటున్నారు.

సౌందర్య వెనుక నిలబడి ఉంది. కిందటి వారమే ఆమె ఫోనులో ఒక వీడియో చూసింది. ఎవరో పిల్లలు మొగిలిగడ్డ కచేరిలో బొమ్మ చెంప మీద కొడుతున్నారు. చెంపకు కొత్త రంగు వేశారు. చేతిలో కొత్త తాళం తళతళలాడుతున్నది, ఈసారి దాన్ని బోల్టు వేసి బిగించారు. చివర్లో గేటు కనిపించింది. అక్కడ టికెట్లు చింపుతున్నది అమర్‌సింగ్ కాదు, వేరే మనిషి. ఆ సంగతి ఆమె అత్తకు చెప్పలేదు, చెప్పకుండానే అత్త పోయింది.

ఇప్పుడు విస్తరి దగ్గరికి వచ్చి, పైకే చెప్పింది.

"తాత చేతిల మల్ల తాళం పెట్టిండ్రత్తా. నేను పోత. సాయిలు పేరు జెప్పి, గందరి ముందట అడిగి తీపిస్త. తియ్యకపోతే గా గేటు కాడనే కూసుంట."

వీరస్వామి తలెత్తి ఆమె వైపు చూశాడు. ఇంత మాట ఎందుకు ఇచ్చినవన్నట్టు చూశాడు. కాకి కొమ్మ వదిలి బొంద మీదికి దిగింది. గారె ముక్క నోట కరుచుకుని లేచిపోయింది.

అందరూ హమ్మయ్య అనుకుని కాళ్లు కడుక్కోవడానికి నడిచారు. సౌందర్య మాత్రం అక్కడే నిలబడి, జనగామకు పొద్దుటి బస్సు ఎన్నింటికని మొగుణ్ని అడిగింది.